దొంగ పెరట్లో ఉండగానే తెలియాలంటే

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు కోనసీమలో, రాజోలు దగ్గర మా ఊళ్లోనే ఉంటారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. పాత పెంకుటిల్లు, దానికి ఆనించి కట్టిన రెండు గదుల డాబా. వెనక పెరడు, పెరటి గోడ దాటితే కొబ్బరి తోట, ఆ తర్వాత పంట కాలువ. నెల కిందట మా వీధిలోనే ఒక ఇంట్లో పెరటి తలుపు గడియ ఊడగొట్టి బంగారం పట్టుకుపోయారు. ఇంట్లో పడుకున్నవాళ్లకి తెల్లారేదాకా తెలియలేదు. అప్పట్నుంచి నాకు రాత్రుళ్లు ఒకటే టెన్షన్. అమలాపురంలో షాపువాళ్లు ఎనిమిది కెమెరాల సెట్టు 45 వేలు అన్నారు. నాన్న ‘కుక్క ఉందిగా, చాలు’ అంటున్నారు. గోడ మీద కరెంటు తీగ లాగమని కూడా ఎవరో చెప్పారట. దొంగ లోపలికి రాకముందే తెలిసేలా ఏం పెట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ముందు ఆ కరెంటు తీగ మాట తేల్చేద్దాం. వద్దు. పందుల కోసం చేల గట్ల మీద లాగిన తీగలు తగిలి మనుషులు పోయిన వార్తలు మీరూ పేపర్లో చదివే ఉంటారు. మీ గోడ మీద లాగితే ముందుగా తగిలేది దొంగకి కాదు. తడిబట్టలు ఆరేయడానికి వెళ్లిన అమ్మగారికి, కొబ్బరికాయల దింపుకి వచ్చిన కుర్రాడికి, బంతి కోసం గోడెక్కిన పక్కింటి పిల్లాడికి. ప్రాణం పోతే కేసు మీ నాన్నగారి మీద పడుతుంది. పోయినవాడు దొంగే అయినా అంతే. ఆ సలహా ఇచ్చినాయన అప్పుడు స్టేషన్ ఛాయలకి కూడా రాడు.

ఇక అసలు సంగతి. మీరు అడిగింది ఒకటి, షాపువాళ్లు అమ్మజూపింది ఇంకొకటి. ఎనిమిది కెమెరాలు పెడితే వచ్చినవాడు ఎవడో, ఎటు నుంచి వచ్చాడో, ఎన్నింటికి వెళ్లిపోయాడో తెల్లారాక చక్కగా కనిపిస్తుంది. పోలీసులకి అది పనికొస్తుంది, కాదనను. కానీ రాత్రి రెండింటికి మీ అమ్మగారిని అది నిద్రలేపదు. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది కదా అంటారు. ఆ ఫోన్ నాలుగు వందల కిలోమీటర్ల అవతల, మీ తలగడ పక్కన సైలెంట్‌లో ఉంటుంది. పైగా కెమెరా ముందు ఆకు ఊగినా మెసేజే, పిల్లి నడిచినా మెసేజే. వారం తిరక్కుండా మీరే వాటిని ఆపేస్తారు.

ముందే తెలియడం అంటే చివరికి నిమిషాల లెక్క. గోడ దూకినవాడు పెరటి తలుపు దాకా రావాలి, గడియ ఊడగొట్టాలి, లోపలికి అడుగు పెట్టాలి. దీనికంతా వాడికి కొన్ని నిమిషాలు పడుతుంది. హెచ్చరిక ఆ నిమిషాల మొదట్లో రావాలి, పక్కింటాయన లేచి లైటు వేసి కేక పెట్టడానికి పట్టే సమయం అందులో ఇమడాలి. ఈ రెండూ కుదిరితే మూడు వేల సామాను కూడా పనిచేస్తుంది. కుదరకపోతే లక్ష పెట్టినా వృథా.

అందుకని ఏ షాపుకీ వెళ్లకముందు, ఈసారి ఊరెళ్లినప్పుడు చీకటిపడ్డాక కాలువ గట్టు మీద నిలబడి మీ ఇంటికేసి చూడండి. మీరే దొంగ అయితే ఎలా వస్తారు? వీధి గుమ్మం వైపు దీపాలుంటాయి, కుక్కలుంటాయి, అరుగు మీద ఎవరో ఒకరు పడుకుంటారు. అటు రారు. తోటలోంచి వచ్చి, గోడ తక్కువగా ఉన్నచోట దూకి, పెరటి తలుపు దగ్గరకి చేరతారు. లేదా పాత ఇంటి చూరు పట్టుకుని ఎక్కి పెంకులు తీసి దిగుతారు. మీ డబ్బులో ముప్పావు వంతు ఈ దారి మీదే పెట్టాలి. గునపం, పార, నిచ్చెన పెరట్లో గోడకి చేరేసి ఉంటే ఆ రోజే లోపల పెట్టి తాళం వేయించండి. మన పనిముట్లతోనే మన తలుపు తీసుకునే సదుపాయం వాళ్లకి మనం కల్పించక్కర్లేదు.

తలుపుతో మొదలుపెడదాం. తలుపు రెక్కకి చిన్న అయస్కాంతం, ద్వారబంధానికి చిన్న స్విచ్చు. రెండూ ఎడమైతే మోగుతుంది. బ్యాటరీతో దానికదే మోగే రకం వందల్లోనే దొరుకుతుంది. పెరటి తలుపుకీ, పాత ఇంటిని డాబాతో కలిపే తలుపుకీ తప్పకుండా పెట్టించండి. ఒక్క జాగ్రత్త: వానాకాలంలో మన చెక్క తలుపులు ఉబ్బుతాయి, ఎండాకాలంలో లాక్కుపోతాయి. అయస్కాంతానికీ స్విచ్చుకీ మధ్య సందు ఒక సెంటీమీటరు లోపు ఉండేలా వానల్లో ఒకసారి, ఎండల్లో ఒకసారి సరిచూసుకోవాలి. అయితే ఇది మోగేసరికి గడియ అప్పటికే ఊడిపోయి ఉంటుంది. కాబట్టి దీన్ని మొదటి హెచ్చరికగా లెక్కేయకండి. ఇది రెండోది.

మొదటిది పెరట్లో ఉండాలి. దానికి రెండు రకాలున్నాయి. ఒకటి పీఐఆర్ సెన్సర్. ఒంటి వేడి కదిలితే పసిగడుతుంది. మామూలుగా 10, 12 మీటర్ల దూరం, 90 డిగ్రీల పైన వెడల్పు చూస్తుంది. షాపులో చెప్పని సంగతి ఏమిటంటే, ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ తేడా ఉంటేనే దానికి మనిషి కనిపిస్తాడు. మే నెలలో పగలంతా కాగిన డాబా గోడ సాయంత్రం కూడా మనిషి ఒంటంత వేడిగానే ఉంటుంది. ఆ వేళలో మామూలు సెన్సర్ మొద్దుబారుతుంది. ఉష్ణోగ్రతకి తగ్గట్టు తనను తాను సవరించుకునే రకం అడగండి, అట్టపెట్టె మీద ఆ మాట రాసి ఉంటుంది. పీఐఆర్‌తో పాటు, తరంగాలు పంపి కదలికని పసిగట్టే మైక్రోవేవ్ కూడా ఉన్న జంట సెన్సర్లు అమ్ముతారు. రెండూ ఒకేసారి ఔనంటేనే మోగుతాయి కాబట్టి ఉత్తుత్తి మోతలు తగ్గుతాయి, అంతవరకు మంచిదే. కానీ ఎండవేళ మొద్దుతనం దానివల్ల పోదు.

ఎక్కడ బిగించారన్నది దాని ధర కంటే ముఖ్యం. తనకి అడ్డంగా నడిచేవాణ్ణి అది ఠక్కున పట్టుకుంటుంది, నేరుగా ఎదురొచ్చేవాణ్ణి ఆలస్యంగా చూస్తుంది. షాపు కుర్రాళ్లు సులువని పెరటి తలుపు మీదే, తోటకేసి చూసేలా బిగించి వెళ్లిపోతారు. అలా కాదు. గోడ నుంచి తలుపుకి వచ్చే దారి దాని ముందు అడ్డంగా పోయేలా పక్క గోడ మీద పెట్టాలి, ఏడెనిమిది అడుగుల ఎత్తులో. తోటకేసి అసలు చూడనివ్వకండి. ఇంకో పేచీ బల్లులు. లెన్సు మీద బల్లి పాకితే అది దానికి మనిషంత కనిపిస్తుంది. సాలెగూడు కూడా అంతే. సెన్సర్ దగ్గర రాత్రంతా వెలిగే దీపం ఉంటే పురుగులు, పురుగుల కోసం బల్లులు. దీపాన్ని దూరం జరపండి.

రెండో రకం ఫొటో బీమ్. ఒకవైపు నుంచి కంటికి కనిపించని కిరణం వస్తుంది, ఇంకోవైపు డబ్బా దాన్ని అందుకుంటుంది. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే తెలిసిపోతుంది. మీ పెరటి గోడలాంటి తిన్నని హద్దుకి ఇదే సరైనది. రెండు కిరణాల రకం తీసుకోండి, రెండూ ఒకేసారి తెగితేనే మోగుతుంది కాబట్టి కాకి ఎగిరినా ఆకు రాలినా పలకదు. కొబ్బరి మట్ట పడితే మాత్రం పలుకుతుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే దీన్ని తోట హద్దున కాకుండా, చెట్ల నీడ పడని చోట, గోడకి ఇవతల ఇంటివైపు పెట్టించాలి. నేల నుంచి రెండున్నర, మూడు అడుగుల ఎత్తులో ఉంటే కుక్కా పిల్లీ కింద నుంచి పోతాయి. మీ పెరడు 20 మీటర్లుంటే 20 మీటర్ల బీమ్ కొనకండి. ధనుర్మాసం మంచులో, జడివానలో కిరణం బలం తగ్గుతుంది. కావలసినదానికి రెట్టింపు దూరం రాసి ఉన్నది తీసుకోవాలి. మీది సముద్రానికి దగ్గరి ఊరు కాబట్టి ఉప్పుగాలి కూడా లెక్కలోకి వస్తుంది. బయట పెట్టేవి దుమ్మూ నీళ్లూ లోపలికి చొరని ఐపీ66 రకమై ఉండాలి, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగాలి. మామూలు స్క్రూలు రెండు వానాకాలాలకి తుప్పుపట్టి డబ్బా వంగిపోతుంది, కిరణం గురి తప్పుతుంది.

ఇన్ని జాగ్రత్తలు ఎందుకంటే, ఈ వ్యవస్థలు ఎక్కువగా పాడయ్యేది దొంగల వల్ల కాదు. నాలుగు రాత్రులు ఉత్తినే మోగితే ఐదో రాత్రి నాన్నగారు ప్లగ్గు పీకేస్తారు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. అందుకని నా సలహా, పెరట్లో సెన్సర్‌కి పెద్ద సైరన్ కలపొద్దు. అది పసిగట్టినప్పుడు పెరట్లో లైటు వెలగాలి, పడకగదిలో కాలింగ్ బెల్లులాంటి చిన్న మోత రావాలి, అంతే. పిల్లి అయితే పోతుంది, మనిషి అయితే మొహం మీద లైటు పడగానే వెనక్కి తిరగొచ్చు. తలుపు అయస్కాంతం విడిపోతేనో, నాన్నగారు బటన్ నొక్కితేనో మాత్రం 110 డెసిబెల్స్ సైరన్ వీధంతా లేచేలా మోగాలి. సెన్సర్లన్నిటినీ కలిపి నడిపే పెట్టెని ప్యానెల్ అంటారు, ఇలా విడివిడిగా పెట్టుకునే వీలు మంచి ప్యానెళ్లలో ఉంటుంది. షాపులో ఈ మాట చెప్పి, వాళ్ల ముందే పెట్టించుకుని చూడండి. ‘అవన్నీ తర్వాత యాప్‌లో పెట్టుకోవచ్చండి’ అంటే వేరే షాపు చూసుకోండి.

ప్యానెల్ దగ్గర అందరూ బోల్తా పడేది వైఫై విషయంలో. మన ఊళ్లలో ఇంటర్నెట్ వైరు కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ మీద రౌటర్ వెలుగుతూనే ఉండొచ్చు, కానీ మధ్యలో కేబుల్ ఆపరేటర్ పెట్టె ఆరిపోతే ఏ మెసేజూ రాదు. దొంగకి కూడా కరెంటు పోయిన రాత్రే అనుకూలం. కాబట్టి వైఫై ఉన్నా లేకపోయినా సిమ్ కార్డుతో కాల్ చేసే ప్యానెల్ కావాలి, లోపల సొంత బ్యాటరీ ఉండాలి. చవకగా వచ్చేవాటిలో చాలావరకు 2జీ మీద నడిచేవి. వాటిలో జియో సిమ్ వేస్తే పనిచేయదు, ఎందుకంటే జియోకి 2జీ లేదు. 4జీ ప్యానెల్ అడగండి, లేదా 2జీకి మీ ఇంట్లో, ప్యానెల్ పెట్టే గదిలోనే, సిగ్నల్ బాగా అందే వేరే కంపెనీ సిమ్ వేయండి. తుపాను రాత్రుల్లో టవర్లూ పోతాయి. అప్పుడు దిక్కు బ్యాటరీ మీద మోగే సైరనూ, చుట్టుపక్కల మనుషులే.

వైర్‌లెస్ సెన్సర్లే తీసుకోండి, పాత గోడలు తవ్వే పని ఉండదు. అయితే పాత ఇళ్ల గోడలు మందం. ప్యానెల్ డాబాలో, సెన్సర్ పెంకుటింటి అవతల ఉంటే సిగ్నల్ అందకపోవచ్చు. బిగించకముందే చేత్తో పట్టుకుని ఒక్కోచోట నొక్కి చూడమనండి. ఒకవేళ వైర్లు లాగితే పిడుగుల కాలం గుర్తుపెట్టుకోండి, మంచి ఎర్తింగ్ లేని ఇంట్లో పిడుగు పడినప్పుడు పొడవాటి బయటి వైర్ల గుండా వచ్చే కరెంటు డబ్బాల్ని కాల్చేస్తుంది.

ఇప్పుడు ఆ ప్యానెల్ ఎవరికి ఫోన్ చేయాలి? అందరూ మొదటి నంబరుగా కొడుకుది వేస్తారు. మీది మూడోదిగా వేయండి. మొదటిది పక్కింటివాళ్లది, రెండోది ఎదురింట్లోనో వెనక వీధిలోనో ఉండే చుట్టాలది, పరుగున రాగలిగినవాళ్లది. ముందుగా వాళ్ల ఇంటికెళ్లి కూర్చుని మాట్లాడండి. ‘బాబాయ్, రాత్రి ఈ నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తక్కర్లేదు, లైట్లేసి గట్టిగా కేకెయ్యండి, ఒక్కరే మాత్రం బయటికి రావద్దు’ అని చెప్పండి. ప్యానెల్ సిమ్ నంబరు వాళ్ల ఫోన్‌లో పేరుతో సేవ్ చేసి, సైలెంట్‌లో ఉన్నా మోగేలా మీరే పెట్టి రండి. వాళ్ల ఇంటికీ ఒక రిమోట్ బటన్ ఇస్తే ఇంకా మంచిది. రెండిళ్లకీ కాపలా అవుతుంది, వాళ్లకీ ఇది మన గొడవ అనిపిస్తుంది. మీరు మాత్రం ఫోన్ రాగానే 112కి చేసి ఊరు, వీధి, ఇంటి గుర్తు చెప్పాలి. ఆ వివరాలు కాగితం మీద రాసి ఉంచుకోండి, నిద్రమత్తులో సొంత ఊరి పిన్‌కోడ్ కూడా గుర్తురాదు.

అమ్మానాన్నలకి చెప్పాల్సింది ఇంకోటి ఉంది. మోత వినిపిస్తే కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్లకూడదు. మీ నాన్నగారు వెళ్తారు. మీరు రాసిన నాలుగు మాటల్లోనే ఆయన తీరు తెలుస్తోంది. పడకగది తలుపుకి లోపల నుంచి గట్టి గడియ పెట్టించండి. మంచం దగ్గర సైరన్ బటన్, పెరటి లైటు స్విచ్చు, ఫోన్ ఛార్జర్, మూడూ అందేలా ఉండాలి. వచ్చినవాడు పోయేదాకా ఆ గది తలుపు తీయొద్దని ఆయన చేత అనిపించండి. అమ్మగారి ముందు అనిపిస్తే మేలు.

కుక్క మాటకొస్తే నాన్నగారు సగం కరెక్టే. గోడ అవతల అడుగుల చప్పుడు ఏ సెన్సర్ కంటే ముందు దానికే వినిపిస్తుంది. పేచీ ఎక్కడంటే, రాత్రంతా ఊళ్లో ఏదో ఒక కుక్క మొరుగుతూనే ఉంటుంది, లేచి చూసేవాళ్లు ఉండరు. అదే కుక్క మొరిగాక పడకగదిలో బెల్లు కూడా మోగిందనుకోండి, అప్పుడు లేస్తారు. కాబట్టి ఆయనతో వాదన పెట్టుకోకండి. ‘కుక్క అరుపు మీకు వినపడటానికే ఇది’ అనండి, ఒప్పుకుంటారు.

కెమెరాలు అసలే వద్దనడం లేదు. రెండు చాలు, పెరటికొకటి, వీధి గేటుకొకటి. మనిషిని మాత్రమే గుర్తుపట్టే సెట్టింగ్ ఉన్నవి తీసుకోండి. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలు ప్రభుత్వం పెట్టిన భద్రతా పరీక్ష దాటి ఉండాలి. బిల్లు లేకుండా ఇస్తామన్న పేరూ ఊరూ లేని సరుకు అందుకే వద్దు. కంపెనీ వేసి ఇచ్చిన పాస్‌వర్డ్ అదే రోజు మార్చండి, బిగించిన కుర్రాడికి చెప్పకండి. రికార్డింగ్ డబ్బా హాల్లో టీవీ కింద పెడతారు చాలామంది. దొంగ దాన్ని కూడా చంకలో పెట్టుకుని పోతాడు. పాత ఇంట్లో బీరువా వెనకో, అటక మీదో దాచండి. కెమెరా చూపు పక్కింటి పెరట్లోకి పోకూడదు, రేపు అదో తగువు. ఇంటి లోపల మాత్రం పెట్టకండి. కొడుకు హైదరాబాద్ నుంచి చూస్తున్నాడని అమ్మ నట్టింట్లో కాస్త నడుం వాల్చడానికి కూడా మొహమాటపడుతుంది.

పెంకుటింటి వైపు నుంచి దిగే భయం ఉంది కాబట్టి, రాత్రి ఎవరూ పడుకోని ఆ భాగంలో లోపల ఒక పీఐఆర్ పెట్టించండి. పెంపుడు జంతువుల్ని వదిలేసే రకమై ఉండాలి, లేకపోతే పిల్లులూ ఎలుకలూ దాన్ని నిద్రపోనివ్వవు. రాత్రి పూట ఇంట్లో మనుషులు ఉండగా పెట్టే మోడ్‌లో ఇది పనిచేస్తూ, డాబా గదుల్లో అలాంటివి ఉంటే అవి ఆగి ఉండాలి.

అమ్మానాన్నలు మీ దగ్గరకి వచ్చి ఇల్లు తాళం వేసి ఉండే రోజుల సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ పోలీసులది ఎల్‌హెచ్ఎంఎస్ అని తాళం వేసిన ఇళ్ల నిఘా పద్ధతి ఉంది. ఊరెళ్లేముందు నమోదు చేసుకుంటే పోలీసులే ఉచితంగా ఇంట్లో కెమెరా పెడతారు, ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కి తెలుస్తుంది. మీ స్టేషన్‌కి వెళ్లి ఇప్పుడు అక్కడ ఎలా నడుస్తోందో కనుక్కోండి. ఎటూ వెళ్తారు కాబట్టి వీధిలో జరిగిన దొంగతనం గురించీ అడగండి, వాళ్లు ఏ వైపు నుంచి వచ్చారో తెలిస్తే మీ సెన్సర్ ఎక్కడ పెట్టాలో తేలుతుంది. బంగారం బ్యాంకు లాకర్లో పెట్టించండి. 2022 జనవరి నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం లాకర్‌లో దొంగతనం జరిగితే బ్యాంకు ఏడాది అద్దెకి 100 రెట్ల దాకా ఇవ్వాలి. అద్దె రెండు వేలైతే రెండు లక్షలు. ఇప్పటి బంగారం ధరకి అది ఏ మూలకీ రాదు, అయినా పెంకుటింట్లో బీరువా కంటే నయం.

డబ్బు లెక్కకొస్తే, ముందు పెరటి తలుపుకి అడ్డంగా ఇనప పట్టీ, లోపలి గడియలు, తోటవైపు గోడ తక్కువగా ఉన్నచోట రెండు వరసల ఇటుక. తర్వాత ప్యానెల్, తలుపు సెన్సర్లు, పెరటికి ఒక పీఐఆర్, సైరన్. ఆ తర్వాత బీమ్. డబ్బు మిగిలితే రెండు కెమెరాలు. ఎనిమిది కెమెరాలకి అడిగిన 45 వేలలో ఇదంతా అయి, ఇంకా కొంత మిగలాలి.

బిగించాక షాపువాళ్లకి చివరి విడత డబ్బు వెంటనే ఇవ్వకండి. ఒక రాత్రి మీరే తోటలోంచి వచ్చి గోడ దూకండి, పక్కింటివాళ్లకి ముందు చెప్పి. మెయిన్ స్విచ్ ఆపి ఇంకోసారి దూకండి. రెండుసార్లూ గదిలో బెల్లు మోగి, నాన్నగారు బటన్ నొక్కగానే పక్కింటి ఫోన్‌కి కాల్ వెళ్తేనే డబ్బు ఇవ్వండి. ప్యానెల్ సిమ్ రీచార్జ్ మీ ఫోన్ నుంచే చేయండి, గడువు తేదీకి అలారం పెట్టుకోండి. సెన్సర్ల బ్యాటరీలు ఏటా వానలు పడకముందే మార్పించండి.